నీళ్ల డాక్టరమ్మ

ఒక ఆడమనిషిని "చివరిసారి ఎప్పుడు బయట ఉన్నవ్?" అని అడగటానికి నాకు నోరు రాలేదు. రాలేదని ఒప్పుకోవటానికీ నోరు రాలేదు. అడిగాను, ఆమే చెప్పింది అని అబద్ధమాడాను. ఆ అబద్ధాన్ని పట్టుకుని ఒకామె కడుపు కోశారు. ఇంకొకామెకు ఖమ్మంలో పని లేకుండా పోయింది. పదేళ్లు దాటింది. ఇంతవరకు మా ఇంటావిడకు కూడా చెప్పలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఆ రెండో ఆమె ఈమధ్య చనిపోయింది. ఊళ్లో డాక్టర్లంతా కలిసి సంతాప సభ పెట్టారు. బతికుండగా ఆమె మెట్లెక్కనివాళ్లు కూడా పటానికి దండ వేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. నేను పనిచేసే నర్సింగ్ హోం సర్జన్ గారే అధ్యక్షులు. "ఎంతో కష్టజీవండీ ఆవిడ. ఏదో ఆ ఒక్క గడ్డ విషయంలో పొరబడ్డారు గానీ, మనిషన్నాక పొరపాటు జరగదా?" అని ఆయన పెద్ద మనసుతో ఆమెను క్షమించారు. ఆ పెద్ద మనసుకు జనం చప్పట్లు కొట్టబోయి, సంతాప సభ అని గుర్తొచ్చి చేతులు దించుకున్నారు. తర్వాత అందరం సమోసాలు తిని చాయ్ తాగాం. నేను రెండు సమోసాలు తిన్నాను.

ఆ గడ్డ సంగతి నాకు తెలిసినంతగా ఆ హాల్లో ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను. ఇది చదివాక కూడా సర్జన్ గారు నన్ను పనిలో ఉంచుకుంటే, ఆయనది నిజంగానే పెద్ద మనసని నేనూ ఒప్పుకుంటాను.

ఆ చనిపోయిన డాక్టరుకు అమ్మానాన్నా పెట్టిన మంచి పేరు ఉండేది. గోడ నిండా డిగ్రీల పటాలుండేవి. ఊరు మాత్రం అవేవీ పట్టించుకోకుండా 'నీళ్ల డాక్టరమ్మ' అని పిలిచింది. ఎనభైల చివర్లో ఖమ్మంలో కడుపు స్కానింగ్ చేసే మిషన్లు ఒకటో రెండో ఉండేవి. ఆమెది ఒక మందుల దుకాణం పైన, కిరాయి గదుల్లో. బీరువా అంత మిషన్, దానికి అరచేయంత తెర. పొద్దున్నుంచీ ఆ మెట్ల మీద ఆడవాళ్లు వరసగా కూర్చుని చెంబులతో నీళ్లు తాగుతుండేవాళ్లు. కొత్తగా చూసినవాళ్లు చలివేంద్రం అనుకునేవాళ్లు.

"ఇంకో చెంబు తాగు బిడ్డా."

"ఇగ నా వల్ల గాదమ్మా. కండ్లల్లకు వచ్చినయి నీళ్లు."

"కండ్లల్లకు వస్తే ఏడ్సుకో. ఉచ్చతిత్తిలకు వస్తేనే నాకు పనికొచ్చేది."

మూత్రాశయం అనే మాట పుస్తకాల్లో ఉంది. ఆమె నోట్లో లేదు. అది ఖాళీగా ఉంటే పేగులు కిందికి జారి గర్భసంచి మీద పడతాయి. పేగుల్లో గాలి ఉంటుంది, గాలిని దాటి మిషను పంపే, చెవికందని చప్పుడు పోదు, బొమ్మ రాదు. అది నిండిందంటే పేగులు పైకి లేస్తాయి, ఆ నీళ్లలోంచి వెనకున్న గర్భసంచి అద్దంలో ముఖంలా కనబడుతుంది. ఇదంతా పేషెంట్లకు విడమరిచి చెప్పే ఓపిక ఆమెకు లేదు. "కిటికి తుడుస్తున్న. తాగు" అనేది, అంతే.

ఆ కిటికీలోంచి చూడటం నేర్చుకోవటానికి మేం నలుగురం ఆమె దగ్గర చేరాం. ఇద్దరు ఎంబీబీఎస్ డాక్టర్లు, ఇద్దరం ఎక్స్‌రే తీసేవాళ్లం. అప్పటికి నాకు ముప్పై దాటాయి, ఇద్దరు పిల్లలు. మొదటి రోజు పుస్తకం తెరుస్తుందనుకున్నాం. తలా ఒక జగ్గు నీళ్లు పెట్టి తాగమంది. తాగాక తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంది.

"బయటికి పోవాల్నంటే జవాబు చెప్పి పోవాలె. గర్భసంచికి ముంగట ఏమున్నది, ఎనక ఏమున్నది?"

"ముందు మూత్రాశయం, వెనక పురీషనాళం మేడం" అన్నాడు ఒక డాక్టరు, కాలు మీద కాలు మెలేసుకుంటూ.

"ఆ రెంటి నడుమ సందు?"

"సందు... సందు ఉంటది మేడం."

"సందు ఉంటదని నాకూ తెల్సు. గర్భసంచి ఎనక గుంట ఉంటది, కడుపుల నీళ్లు కారినా నెత్తురు కారినా మొదలు గాడనే చేరేది. మరి అండాశయాలు ఏ మూలనున్నయి? కాళ్లు గట్ల మెలేస్తున్నవేంది డాక్టరయ్యా? కూసో. ఇంకో గ్లాసు తాగు."

ఆ పూట గర్భసంచి ఇరుగుపొరుగులన్నీ మాకు ప్రాణసంకటంగా గుర్తుండిపోయాయి. మరునాడు మమ్మల్ని ఒక్కొక్కర్నే బల్ల మీద పడుకోబెట్టి, ఒకరి పొట్ట ఒకరితో చూపించింది. తెర మీద నల్లటి నీళ్ల సంచి తప్ప ఏమీ లేదు. "మీలపల ఏమున్నదయ్యా చూడటానికి? ఉత్త నీళ్ల ట్యాంకులు. అసలు ఇల్లు కట్టనే లేదు, ట్యాంకు పెట్టిండు దేవుడు" అని పెదవి విరిచింది.

తోపుడుబండి మీంచి జామకాయలు ఏరి తెప్పించేది. తొడిమ కిందికి వచ్చేట్టు పట్టుకుని, "ఇగో, గర్భసంచి. తొడిమ దిక్కున్నది మూతి. పిల్లలు గానామెకు గింతే ఉంటది, కన్నామెకు జర పెద్దది. ముంగటికి వంగి ఉంటది కొందరికి, ఎనకకు వాలి ఉంటది కొందరికి. ఎనకకు వాలినదాన్ని చూసి గడ్డ గడ్డ అని ఉరకకుండ్రి" అనేది. పక్కన పొట్టు తియ్యని బాదంకాయలు రెండు పెట్టి అవి అండాశయాలనేది. పాఠం అయ్యాక ఆ జామకాయల్నే కోసి ఉప్పూకారం అద్ది మాకు పంచేది. "ఖమ్మంల గర్భసంచులు తినే డాక్టర్లకు కొదవ లేదు. మీరు జామకాయలు తినుండ్రి" అనేది. ఎంబీబీఎస్ డాక్టర్లిద్దరూ ముఖముఖాలు చూసుకునేవాళ్లు. ఊళ్లో ఏ నర్సింగ్ హోంకు వెళ్లినా, నలభై దాటిన ఆడదానికి గర్భసంచి ఎందుకన్నట్టు మాట్లాడే రోజులవి.

హార్మోన్ల పాఠం ఇంకో రకం. "మెదడు కింద శనగగింజంత గ్రంథి ఉంటది. గది హైద్రాబాద్ ఆఫీసు. ఆడికెళ్లి ఆర్డరొస్తది: ఈ నెల ఒక గింజ పెంచుమని. అండాశయంల నాలుగైదు సంచులు లేస్తయి, చివరికి ఒక్కటే పెద్దగయితది. గది పెరిగేకొద్ది ఈస్ట్రోజన్ వస్తది. ఈస్ట్రోజన్ పని దుక్కి దున్నుడు. గర్భసంచి లోపల పొర మందమయితది. నడిమ నెలల పైనుంచి ఇంకో ఆర్డరొస్తది, సంచి పలుగుతది, గింజ బయటపడతది. పలిగిన సంచి ఉత్తగ ఉండదు, పచ్చగ పసుపుముద్ద లెక్క అయితది. గది ప్రొజెస్టిరాన్ ఇస్తది. ప్రొజెస్టిరాన్ దున్నదు, విత్తదు, కావలి కాస్తది. కడుపు నిలవకపోతే పసుపుముద్ద ఎండిపోతది, కావలిది లేచిపోతది, పొర రాలిపోతది. గదే ముట్టు. మళ్ల మొదటికి."

"మరి హైద్రాబాద్ వాళ్లకు ఎట్ల తెలుస్తది మేడం, కింద పని అయిందని?" అని అడిగాను ఒకసారి.

"ఇది నీ సర్కారు ఆఫీసు గాదు. కింద పని అయితే పైకి రిపోర్టు పోతది, పైవాడు నోరు మూసుకుంటడు."

ఆమె ఎవర్నీ మెచ్చుకోగా నేను వినలేదు. నాతోటి ఎక్స్‌రే అతని తలనూనె వాసన పడదని ఆరు నెలలూ అతన్ని కిటికీ పక్కన ఎండలో కూర్చోబెట్టింది. అతను పాఠం కన్నా ఎండే ఎక్కువ నేర్చుకున్నాడు. తన స్టూలు మీద ఇంకొకరు కూర్చుంటే గుడ్డతో తుడిచేది. తప్పు చూసినవాడి చేతి మీద మిషను వైరుతో ఒకటి వేసేది. సినిమా పత్రికలు డిగ్రీ పుస్తకాల మధ్య పెట్టుకుని చదివేది, పట్టుబడితే పేషెంటు మర్చిపోయిందనేది. లూనా మీద వచ్చేది, బండి నడిపినంతసేపూ హారన్ మీదే బొటనవేలు. స్కానింగ్ జిగురు సీసాను మాత్రం వేడినీళ్ల గిన్నెలో ఉంచేది, చల్లటిది పొట్ట మీద పడితే ఆడవాళ్లు ఉలిక్కిపడతారని. పుట్టబోయేది మగపిల్లాడా అని గుసగుసలాడే మొగుళ్లను, "మొగపిల్లగాడే అయితే నీ లెక్కనే ఉంటడు. ఏం చూసి సంబురపడతవ్?" అని గుమ్మంలోంచే పంపేది.

వీటన్నిటికన్నా ఆమె ప్రాణం పెట్టింది ఒక్క ప్రశ్న మీద. బల్ల మీద పడుకున్న ఏ ఆడమనిషినైనా ముందు అడగాల్సింది, ముట్టయ్యి ఎన్నో రోజు అని. "రోజు తెల్వకుండ బొమ్మ చూసుడంటే తారీఖు లేని పేపరు చదివినట్టు. ఒకనాడు ఉండాల్సింది ఇంకొకనాడు ఉంటే రోగం. ఉండాల్సిన నాడు ఉంటే ఆరోగ్యం" అనేది. మమ్మల్ని అద్దం ముందు నిలబెట్టి ఆ ప్రశ్న పలికించేది.

"అమ్మా... అది... మీకు ఎప్పుడు..."

"ఏది? జీతమా?"

డాక్టర్లిద్దరూ ఇంగ్లీషు చాటున దాక్కునేవాళ్లు. చివరి ముట్టుకు తమ పొట్టిపేరుతో "ఎల్లెంపీ ఎప్పుడమ్మా?" అని అడిగితే ఇల్లందు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ "గాయన ఎవరో నాకు తెల్వదు సారూ" అంది. ఆడవాళ్లకు తారీఖులు తెలియవని మా వాదన. ఆమె అడిగితే మాత్రం అందరికీ తెలిసేవి. సంతకు ముందు రోజు, మిరపకోతకు పోయిన తెల్లారి, బొగ్గుబాయిల జీతాలిచ్చిన నాడు. వేళ్ల కణుపుల మీద లెక్కేసి రోజు చెప్పేసేది. "ఆడోళ్లకు లెక్క తెల్సు. అడిగెటోనికే నోరు లేదు" అనేది మా వైపు చూడకుండానే.

ఆ నోరు లేనివాడి దగ్గరికి మణుగూరు నుంచి సరోజన వచ్చింది. పాతికేళ్లుంటాయి. మొగుడు బొగ్గుబాయిలో పని. పెళ్లయి నాలుగేళ్లు, ఇంకా పిల్లల్లేరు. నెలకోసారి పొత్తికడుపులో ఒక పక్కన గుంజుతోందని మా సర్జన్ గారి దగ్గరికి తీసుకొచ్చారు. అప్పటికి ఆయన నాకు యజమాని కాదు, మేడం దగ్గరికి అందరికన్నా ఎక్కువ కేసులు పంపే పెద్దమనిషి. ఆయన చీటీలో 'గడ్డ ఉందేమో చూడండి' అని ఉండేది. ఆయన చీటీల్లో 'ఏమో' అన్నమాట మర్యాదకు రాసేది.

మేడం పక్క గదిలో ఉంది. ముందు నన్ను చూడమంది. సరోజన పడుకుంది, అత్త తలవైపు నిలబడి నన్నే చూస్తోంది. నేను అడగాలి.

"నీళ్లు తాగినవా అమ్మా?"

"తాగిన."

"ఎన్ని?"

"నాలుగు చెంబులు."

"మంచిగ తాగినవా?"

"తాగిన సారూ."

నీళ్ల గురించి మనిషన్నవాడు అడగగలిగినవన్నీ అడిగాను. తర్వాత తెర వైపు తిరిగాను. ఎడమ పక్కన పెద్ద రేగుపండంత నల్లటి గుండ్రం, నిండా నీళ్లు. నా గుండె ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. నాకు గడ్డ దొరికింది!

మేడం వచ్చి సోంపు నములుతూ స్టూలు మీద కూర్చుంది. "ఎన్నో రోజు?"

"ఐదో రోజు మేడం."

"ఆమె చెప్పిందా?"

"చెప్పింది మేడం."

ఆమె కాసేపు చూసింది. నమలటం ఆపింది. "ఐదో రోజుకు లోపలి పొర ఇంత మందం ఎట్లుంటదయ్యా? ముట్టు నిలిచిన తెల్లారి దున్నినట్టే ఉంటదా చేను?" అని, సరోజన వైపు తిరిగింది. "బిడ్డా, మొన్న ఎప్పుడు బయట చేరినవ్?"

"మా కాలనీల జీతాలిచ్చిన తెల్లారమ్మా."

ఆమె కణుపులు లెక్కపెట్టింది. పదమూడో రోజు. "ఇది గడ్డ గాదు. నెలనెల ఎదిగే సంచే. ఇయ్యాలనో రేపో పలుగుతది. పలిగేటప్పుడు జర గుంజుతది, గదే నీ నొప్పి." అత్తతో అంది: "నీ కోడలు మంచిగున్నది. ఇంటికి తోల్కపో. పిల్లలకు ఇంకా యాళ్ల మించిపోలే."

సరోజన చీర సర్దుకుంటూ నవ్వింది. ఆమె అలా నవ్వటం నేను చూసింది ఆ ఒక్కసారే.

మేడం అక్కడితో ఊరుకుంటే ఈ కథే ఉండకపోను. మెట్ల దగ్గరికి వచ్చి, చెంబులు పట్టుకున్న ఆడవాళ్లందరూ వినేట్టు, "ఇద్దరు పిల్లల్ని ఎట్ల కన్నవయ్యా నువ్వు? పెండ్లాన్నన్న ఎన్నడన్న ఒక్క మాట అడిగినవా?" అంది. మెట్లన్నీ నవ్వాయి. ఎండలో కూర్చునే అతను కూడా నవ్వాడు. కొందరు కడుపు పట్టుకుని, నవ్వితే జారిపోతాయన్న భయంతో నవ్వు ఆపుకుంటూ నవ్వారు.

ఆ మధ్యాహ్నం సర్జన్ గారు నన్ను కింద మందుల దుకాణానికి పిలిపించారు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవారు, మాట తేనె. చాయ్ చెప్పారు. "ఏమయ్యా, ముందు చూసింది నువ్వేనంటగా? గడ్డ కనపడిందంట కదా నీకు. మరి మేడం గారు నార్మల్ అని పంపారేంటి? ఎన్నో రోజని చెప్పింది పేషెంటు?"

మెట్ల మీది నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

"ఐదో రోజు సార్. పేషెంటే చెప్పింది. మేడమే పదమూడు చేసింది."

ఐదో రోజున అంత సంచి ఉంటే అది గడ్డే అవుతుందని తెలిసీ నేను చేసిన పని ఇదే. కత్తి పట్టింది సర్జన్ గారే కావచ్చు, చేతికందించింది నేను.

మరునాడు నర్సింగ్ హోం వరండాలో పంచాయితీ. సరోజనను తిప్పి పిలిపించి గదిలో పడుకోబెట్టారు. మేడం లూనా వేసుకుని తనే వచ్చింది. సర్జన్ గారు, సరోజన మొగుడు, మొగుడి అన్నదమ్ములిద్దరు, అత్త, సాక్షిగా నేను. ఇంతమందిమి కలిసి ఒక ఆడమనిషి ముట్టు ఎప్పుడయిందో తేల్చటానికి చర్చ చేశాం. ఆ మనిషి పదడుగుల దూరంలో, తెరిచిన తలుపు వెనక, మంచం మీద ఉంది.

"గామెనే అడుగుదం పాండ్రి" అంది మేడం.

"గామెకేం తెల్సు మేడం, నొప్పిల ఏదో ఒకటి చెప్తది" అన్నాడు మొగుడు.

"పేషెంటును కంగారు పెట్టకండి మేడం గారూ" అన్నారు సర్జన్ గారు. "ఏమయ్యా, నీకు ఐదో రోజనే కదా చెప్పింది?"

అందరూ నా వైపు చూశారు. మేడం కూడా చూసింది. ఆమె చూపులో కోపం ఉంటే నాకు తేలికయ్యేది. తప్పు జవాబు చెప్పినవాడికి ఇంకో గ్లాసు ఇచ్చి ఎదురుచూస్తుందే, ఆ చూపు అది.

"చెప్పింది సార్" అన్నాను.

"సరే, ఐదో రోజే అనుకుందం" అంది మేడం. "ఒక్క నెల ఆగుండ్రి. మళ్ల ముట్టయినంక చూద్దం. అప్పటికి ఆ సంచి అట్లనే ఉంటే నేనే కోయమని రాసిస్త."

"నెల ఆగితే పగిలిపోద్దండీ!"

"పలగటానికే గద అది ఉన్నది!"

ఆ వరండాలో ఆ పూట ఎవరైనా పలికిన ఒకే ఒక్క నిజం అది. దాంతోనే పని చెడింది. "అయ్యో, కడుపుల పలిగేదాక ఉంచుకుంటమా?" అని అత్త గుండె బాదుకుంది. మొగుడు చేతులు జోడించింది సర్జన్ గారికే. మేడం ఇంకా ఏదో చెప్పబోయింది. వినేవాళ్లు లేరు. లూనా స్టార్టు కాకపోతే తోసుకుంటూ వెళ్లింది. ఎవరూ చెయ్యి వెయ్యలేదు, నేనూ వెయ్యలేదు.

ఆపరేషను అయ్యాక, మా వైపు అలవాటు ప్రకారం, తీసినదాన్ని స్టీలు గిన్నెలో బయటికి తెచ్చి చుట్టాలకు చూపించారు. "ఇగో, ఇదే గడ్డ" అంది నర్సు. అందరూ వంగి చూశారు. నేనూ చూశాను. నీళ్ల సంచి లేదు. అప్పటికే పలిగిపోయింది. బాదంకాయంత అండాశయం, దాని మీద చిన్న నెత్తుటి చార, చార అంచున లేత పసుపు. గింజ విడిచి కావలికి కూర్చుంటున్న ఆరోగ్యమైన అండాశయం అది. ఆరు నెలలు జామకాయలు తిని నేర్చుకున్న చదువు, చూడగానే తెలిసింది. చుట్టాలు "అబ్బో" అన్నారు. నేను కూడా అన్నాను.

'మేడం గడ్డను చూడలేకపోయింది' అన్నమాట ఊరంతా తిరిగింది. చీటీలు తగ్గాయి. మెట్ల మీద చెంబులు తగ్గాయి. ఏడాది తిరక్కుండా ఆమె మిషను అమ్మేసి భద్రాచలం వెళ్లిపోయింది. కొన్నది సర్జన్ గారు. దాన్ని నడపటానికి మనిషి కావాలిగా, నన్ను పెట్టుకున్నారు. మిషనుతో పాటు నేనూ అమ్ముడుపోయానన్నమాట. ఆ తర్వాత నేను చూసిన ఆడవాళ్లలో గడ్డ లేనివాళ్లు తక్కువ. ఎన్నో రోజో నర్సు అడిగేది. అడిగేదనే అనుకునేవాణ్ని.

మేడంను మళ్లీ ఒక్కసారే చూశాను. మా ఇంటావిడకు కడుపు నొప్పి పట్టుకుంది. నేను చూస్తానంటే, "నీ మిషన్ల నాకు నమ్మకం లేదు, ఎవర్ని పండబెట్టినా గడ్డనే అంటవ్" అంది. రాములవారి దర్శనం వంకతో భద్రాచలం లాక్కుపోయింది. మేడంది అక్కడ చిన్న ఇల్లు, చిన్న మిషను. అడవిలోంచి నడిచి వచ్చిన కోయ ఆడవాళ్లు అరుగు నిండా కూర్చుని నీళ్లు తాగుతున్నారు. ఆమె వాళ్ల భాషలో ఆ ఒక్క ప్రశ్న మాత్రం నేర్చుకుంది. మిగతా కబుర్లన్నీ చేతులతోనే. జుట్టు నెరిసింది, రంగు వేయటం మానేసింది. సినిమా పత్రిక ఇప్పుడు బాహాటంగా బల్ల మీదే ఉంది.

లోపల ఆడవాళ్లిద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మీ ఇంటామె మంచిగున్నది" అంది. తర్వాత, మామూలుగా, "ఇప్పుడన్న అడుగుతున్నవా?" అంది.

"అడుగుతున్న మేడం" అన్నాను.

అదీ అబద్ధమే. ఆమె తల ఊపి లోపలికి వెళ్లింది. ఆ గుమ్మంలో నిలబడి క్షమించమని అడగటానికి నాకు ఒక్క నిమిషం పట్టేది. దర్శనానికి ఆలస్యమవుతోందని మా ఆవిడను తొందరపెట్టాను.

సంతాప సభ అయిన తెల్లారి మణుగూరు బస్సెక్కాను. చనిపోయినామె దగ్గర ఇక అడిగే దారి లేదు, బతికున్నామె ఉంది. కాలనీలో అడిగితే ఇల్లు చూపించారు. బావగారి బిడ్డ పెళ్లి. వాకిట్లో పందిరి కింద ముత్తైదువలు పసుపు దంచుతున్నారు. రోలు చుట్టూ నవ్వులు, సరసాలు. సరోజన ఇంటి వెనక గిన్నెలు తోముతోంది. పిల్లలు పుట్టలేదు. ఆ ఆపరేషను వల్లనే అని చెప్పలేను, రెండో పక్కది మిగిలే ఉంది. కాదనీ చెప్పలేను.

"నన్ను గుర్తుపట్టినవా అక్కా?"

కళ్లు చికిలించి చూసింది. "ఎందుకు పట్ట? నీళ్లు తాగినవా, నీళ్లు తాగినవా అని పానం తీసినవ్."

అక్కడే గోడ పక్కన నిలబడి మొత్తం చెప్పాను. ఆమె బూడిద చేతులతో వింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"గప్పుడు నాకు నోరు లేకుండెనా? అడిగితె చెప్పకపోదునా?"

చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"నా చేత రోకలి పట్టనియ్యరు, తెల్సా? గడ్డ కడుపుది, కోసిన కడుపుది, పసుపు ముట్టొద్దని. ఎవరింట్ల పెండ్లయినా గింతే. గిన్నెల కాడనే నేను." చేతులు కడుక్కుంది. "నాకు చెప్పి బస్సెక్కి పోదామనుకున్నవా? నడువ్. గాళ్ల ముంగట చెప్పు."

ముందు ఆమె, వెనక నేను పందిరి కిందికి వచ్చాం. మొగుడున్నాడు, అన్నదమ్ములున్నారు, మంచం మీద ముసలి అత్త ఉంది, రోలు చుట్టూ ఆడవాళ్లున్నారు. నేలచూపులు చూస్తూ చెప్పటం మొదలుపెట్టాను. ముట్టు అన్న మాట వినగానే అత్త, "ఛీ, మొగోళ్ల ముంగట గవేం మాటలు!" అంది.

"చెప్పనియ్యి అత్తా" అంది సరోజన. నా వైపు తిరిగింది. "రోకళ్ల సప్పుడుకు ఎవరికీ వినబడలే. మళ్ల చెప్పు."

రోకళ్లు ఆగాయి. తల ఎత్తి, ఒక్కొక్కరి ముఖం చూస్తూ, మళ్లీ మొదటినుంచి చెప్పాను.

"ఆనాడు సరోజనక్క ముట్టయ్యి పదమూడో రోజు. ఆమె కడుపుల గడ్డ లేకుండె. ప్రతి ఆడమనిషికి నెలనెల ఉండేదే ఉండె. అక్క రోజు సరిగ్గనే చెప్పింది, డాక్టరమ్మ సరిగ్గనే చూసింది. నేనే అక్కను అడగలే. అడిగిన్నని అబద్ధమాడిన. మీరు కోయించింది జబ్బును గాదు. తప్పు అక్కది గాదు, డాక్టరమ్మది గాదు, నాది. అక్కా, నన్ను మన్నించు."